వేలిముద్ర పడట్లేదని స్కిన్ ఓపీకి వచ్చిన ఒక కేసు

పేషెంట్ ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నా. ఊరు చెప్పట్లేదు, ఆమెని గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను, జబ్బుకి సంబంధించినవి మాత్రం మార్చలేదు.

ముప్పైల చివర్లో ఉన్న ఆవిడ, మిరప కోతలకి వెళ్ళే కూలీ, భర్త పోయాడు, కూతురు హాస్టల్లో ఉండి పదో తరగతి చదువుతోంది, ఈమె తమ్ముడి ఇంట్లో ఉంటోంది. మా ఓపీకి వచ్చింది దురద అనో నొప్పి అనో కాదు, రేషన్ షాపులో మిషన్ మీద వేలు పెడితే ముద్ర పడట్లేదని. డీలర్ పది వేళ్ళూ మార్చి మార్చి పెట్టించాడు, కడుక్కుని రమ్మన్నాడు, కొబ్బరినూనె రాసి తుడిచి పెట్టమన్నాడు, ఏం చేసినా పడలేదు. పెన్షన్ దగ్గరా అదే గొడవ. చివరికి ఎవరో చర్మం డాక్టర్ దగ్గర కాగితం రాయించుకురమ్మన్నారట, అంటే ఆమె వచ్చింది వైద్యానికి కూడా కాదు, సర్టిఫికెట్‌కి. తమ్ముడే మాట్లాడాడు, "అక్కకి చేతులు ఇలా అయిపోయాయండీ, మిరపకాయల వల్లే అంటున్నారు, ఒక కాగితం ఇప్పిస్తే చాలండీ" అని.

చేతులు బల్ల మీద పెట్టించి చూశాం. రెండు అరచేతులూ మందంగా, బూడిద పసుపు రంగులో, పాత గోడకి సున్నం పెచ్చులు కట్టినట్టు ఉన్నాయి. వేళ్ళ సందుల్లో పొట్టు, కణుపుల దగ్గర పగుళ్ళు, గోళ్ళ కింద గట్టిగా పిండి కూరినట్టు ఏదో పేరుకుని ఉంది. వేలి కొసలు భూతద్దంలో చూస్తే ఒక్క వేలికి కూడా చక్రమో శంఖమో చెప్పలేని పరిస్థితి, గీతల మధ్య పల్లాలన్నీ పొట్టుతో పూడిపోయాయి. మోచేతుల మీద, నడుము చుట్టూ, పిరుదుల మీద కూడా అక్కడక్కడ అలాంటి పెచ్చులే. దురద ఉందా అంటే "పెద్దగా లేదండీ, రాత్రిళ్ళు కాస్త" అంది.

అంతకుముందు రెండు మూడు చోట్ల చూపించుకుంది. ఒకచోట సోరియాసిస్ అన్నారు, ఒకచోట మిరప ఘాటుకి వచ్చిన ఎగ్జిమా అన్నారు, అన్ని చీటీల్లోనూ స్టెరాయిడ్ ఆయింట్‌మెంటే, అదీ బాగా స్ట్రాంగ్‌ది, అయిపోగానే మెడికల్ షాపులో అదే ట్యూబు చూపించి మళ్ళీ కొనుక్కుంది. రాసినప్పుడు కొంచెం మెత్తబడేదట, మానేస్తే ఇంకా మందంగా వచ్చేదట. సోరియాసిస్ అనుకోవడంలో పెద్ద వింతేం లేదు, చూడ్డానికి అలాగే ఉంటుంది. కానీ ఎవరూ అడగని ప్రశ్న ఒకటి ఉంది: ఇంట్లో ఇంకెవరికైనా దురద ఉందా? నేను అడిగితే తమ్ముడే చొక్కా చెయ్యి పైకి లాగి మణికట్టు చూపించాడు, "మా ఇంట్లో పిల్లలిద్దరూ రాత్రంతా గోక్కుంటున్నారండీ, నాకూ ఉంది" అని. మణికట్టు మీద, వేళ్ళ సందుల్లో చిన్న చిన్న పొక్కులు. మామూలు గజ్జి. ఇంటిల్లిపాదికీ గజ్జి ఉండి, అందులో ఒక్క మనిషికి మాత్రం దురద తక్కువగా ఉండి చేతులు పెచ్చులు కట్టాయంటే సోరియాసిస్ ఆలోచన పక్కన పెట్టాల్సిందే.

గోరు కింద నుంచి కొంచెం పొట్టు గీకి స్లైడ్ మీద పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి మైక్రోస్కోప్ కింద పెట్టాం. ఒకే ఫీల్డులో మూడు పురుగులు, చుట్టూ గుడ్లు, వాటి మలం ముద్దలు. క్రస్టెడ్ స్కేబీస్. దీన్నే నార్వేజియన్ స్కేబీస్ అని కూడా అంటారు, 1848లో నార్వేలో కుష్ఠు రోగుల మీద డేనియెల్సెన్, బోక్ అనే ఇద్దరు డాక్టర్లు దీన్ని వర్ణించడం వల్ల ఆ పేరొచ్చింది. మామూలు గజ్జిలో ఒక మనిషి ఒంటి మీద మొత్తం పది పదిహేను పురుగులే ఉంటాయి, దురదంతా వాటి మీద మన ఇమ్యూనిటీ చేసే యుద్ధం. ఆ యుద్ధం చేసే శక్తి లేనప్పుడు పురుగులు వేలు, లక్షలకి పెరుగుతాయి, చర్మం మందంగా పెరిగి పెచ్చులు కడుతుంది, దురద మాత్రం తక్కువ. అందుకే క్రస్టెడ్ స్కేబీస్ స్లైడ్ మీద చూసిన డాక్టర్ అక్కడితో ఆగకూడదు, ఈ మనిషికి ఇమ్యూనిటీ ఎందుకు తగ్గింది అని వెతకాలి. ముసలితనం, కేన్సర్ మందులు, చాలాకాలం వాడిన స్టెరాయిడ్లు, హెచ్‌టీఎల్‌వీ-1 వైరస్, హెచ్ఐవీ ఇవన్నీ లిస్టులో ఉంటాయి. ఈమె వాడింది పై పూత స్టెరాయిడే, అది జబ్బుని ముదిరేలా చేసి ఉంటుంది కానీ ఒక్క అదే ఇంతపని చెయ్యడం అరుదు.

కాబట్టి తమ్ముణ్ణి బయట కూర్చోమని, సిస్టర్‌ని లోపల ఉంచి, తల నుంచి కాలి గోరు దాకా చూశాం. స్కిన్ ఓపీలో రద్దీ ఎంతున్నా ఈ పని మాత్రం వదలకూడదని మా పీజీలకి ఎప్పుడూ చెప్తా, చూపించిన చోటు మాత్రమే చూసి మందు రాస్తే సగం జబ్బులు చీర కిందే ఉండిపోతాయి.

తలలో చుండ్రు అని ఆమె అనుకుంటున్నది కనుబొమ్మల్లోకి, ముక్కు పక్క మడతల్లోకి, చెవుల వెనక్కి, రొమ్ముల మధ్యకి కూడా పాకింది, ఎర్రగా, జిడ్డు పొట్టుతో. దీన్ని సెబోరిక్ డెర్మటైటిస్ అంటారు, మామూలు జనంలో నూటికి ముగ్గురిలోపే ఉంటుంది, హెచ్ఐవీ ఉన్నవాళ్ళలో అంతకి ఎన్నో రెట్లు ఎక్కువ, ముదిరేకొద్దీ ఇంకా ఎక్కువ. పుస్తకాల్లో ఎయిడ్స్ అనగానే ఊదారంగు కపోసీ సార్కోమా అనే కేన్సర్ ఫొటోలు పెడతారు, 1981లో అమెరికాలో ఈ జబ్బు బయటపడినప్పుడు కనిపించిన వాటిల్లో అదొకటి, కానీ మన దేశంలో అది చాలా అరుదు, పీజీలు పరీక్షల కోసం దాన్ని బట్టీ పట్టి ఎదురుగా కూర్చున్న మనిషి కనుబొమ్మల్లో పొట్టుని చూడకుండా పంపించేస్తారు. మనకి పనికొచ్చే గుర్తులు ఇలా మామూలుగా కనిపించేవే.

నోరు తెరిపిస్తే అంగిటి మీద, నాలుక మీద పెరుగు పలుకుల్లాంటి తెల్లపూత, చెక్క పుల్లతో గీకితే ఊడి కింద ఎర్రగా కనిపించింది, అంటే కాండిడా అనే ఫంగస్. నాలుక పక్కల మాత్రం నిలువు చారలుగా ఇంకో తెలుపు ఉంది, అది ఎంత గీకినా రాలేదు, అది ఓరల్ హెయిరీ ల్యూకోప్లేకియా, ఎప్‌స్టీన్ బార్ వైరస్ వల్ల వస్తుంది. ఈ రెండిటికీ తేడా తెలుసుకోడానికి రూపాయి ఖర్చు లేదు, ఒక చెక్క పుల్ల చాలు. పెదవుల మూలలు పగిలి ఉన్నాయి.

వీపు ఎడమవైపు నుంచి పక్కటెముకల మీదుగా ముందుకి ఒక పట్టీలా మచ్చలు. ఏంటమ్మా ఇది అంటే "అక్కి వచ్చిందండీ మూడేళ్ళ కింద, కుమ్మరాయన దగ్గర జేగురుతో బొమ్మ రాయించుకున్నా, తగ్గిపోయింది" అంది. అక్కి, అంటే హెర్పిస్ జోస్టర్, దానంతట అదే రెండు మూడు వారాల్లో తగ్గేదే కాబట్టి రాయించుకున్నవాళ్ళకి రాతతోనే తగ్గినట్టు అనిపిస్తుంది, నేను ఆ నమ్మకం మీద ఆమెతో వాదన పెట్టుకోలేదు. నాకు కావాల్సింది ఆ తేదీ. యాభై దాటినవాళ్ళకి అక్కి రావడం మామూలే, ముప్పై అయిదులో ఒకమ్మాయికి వచ్చిందంటే ఆ రోజే ఒక రక్తపరీక్ష జరిగి ఉండాల్సింది. మూడేళ్ళ ముందే ఆమె ఒళ్ళు చెప్పింది, వినేవాళ్ళు లేకపోయారు.

కాళ్ళ మీద, మోచేతుల బయటి వైపు నల్లటి గట్టి కురుపులు, గోకి గోకి మచ్చలు పడినవి. ప్రురైటిక్ పాప్యులర్ ఎరప్షన్ అంటారు, మన లాంటి వేడి దేశాల్లో హెచ్ఐవీలో ఎక్కువగా కనిపించే దద్దుర్లు ఇవే, సాధారణంగా సీడీ4 కౌంట్ (ఇమ్యూనిటీని నడిపే ఒక రకం తెల్లకణాల లెక్క) 200 కిందకి పడ్డాక వస్తాయి. ఇది దేనివల్ల అని చాలాకాలం వాదన నడిచింది, 2004లో ఉగాండాలో చేసిన స్టడీలో 102 మంది పేషెంట్ల నుంచి ముక్క తీసి చూస్తే 84 శాతం మందిలో పురుగు కాటుకి వచ్చే మార్పులే కనిపించాయి, అంటే దోమో నల్లో కుట్టినప్పుడు మనకి గంటలో పోయే దద్దురు వాళ్ళ ఒంట్లో నెలల తరబడి రగులుతూ ఉంటుంది. ఆ స్టడీ చదివినప్పటి నుంచి నేను ఈ దద్దుర్లున్న ప్రతి పేషెంట్‌కీ దోమతెర గురించి కూడా చెప్తున్నా, ఉట్టి యాంటీహిస్టమిన్ రాసి పంపించకుండా.

కాలి బొటనవేలి గోరు మొదట్లో, అంటే చర్మం నుంచి గోరు బయటికొచ్చే చోట, తెల్లటి మచ్చ ఉంది. మామూలుగా గోటి ఫంగస్ కొస నుంచి మొదలై లోపలికి పోతుంది, మొదట్లోనే మొదలైతే ఇమ్యూనిటీ మీద అనుమానం రావాలి.

వీటిల్లో ఏ ఒక్కటీ ఉన్నంత మాత్రాన హెచ్ఐవీ ఉందని కాదు. చుండ్రు ఎవరికైనా ఉంటుంది, అక్కి ఎవరికైనా వస్తుంది, షుగర్ ఉన్నవాళ్ళ నోట్లోనూ తెల్లపూత వస్తుంది, గోళ్ళ ఫంగస్ పొలంలో నీళ్ళల్లో నిలబడేవాళ్ళకి మామూలే. కానీ ఒకే ఒంటి మీద ఇన్ని ఒక్కసారి కలిసినప్పుడు టెస్ట్ అడక్కుండా వదిలేయడం నా దృష్టిలో తప్పే. చర్మం చేసే పని ప్రశ్న లేపడం, జవాబు రక్తం దగ్గర ఉంటుంది. మొహం చూసే చెప్పేస్తాం అని గొప్పగా చెప్పుకునే సీనియర్లని నేను చూశాను, ఆ గొప్ప వల్ల టెస్ట్ కూడా చెయ్యకుండా ముద్ర పడిపోయిన మనుషుల్నీ చూశాను.

అడగడం ఎలా అన్నది అసలు కష్టం. నేను చెప్పింది దాదాపు ఇదే: "అమ్మా, చేతులకి మందిస్తా, తగ్గుతాయి. కానీ ఒంట్లో శక్తి ఎందుకు ఇంత తగ్గిందో చూడాలి. రక్తపరీక్షల్లో హెచ్ఐవీ పరీక్ష కూడా ఉంటుంది. మీరు సరే అంటేనే చేస్తాం, ఫలితం మీకే చెప్తాం." ఆమె కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "మా ఆయనకి టీబీ అన్నారండీ. చివర్లో ఏవో పరీక్షలు చేశారు, నాకెవరూ ఏం చెప్పలేదు. చెయ్యండి, కానీ తమ్ముడికి చెప్పొద్దండీ" అంది. 2017లో వచ్చిన హెచ్ఐవీ చట్టం 2018 సెప్టెంబర్ నుంచి అమల్లో ఉంది, దాని ప్రకారం ఆమె సమ్మతి లేకుండా టెస్ట్ చెయ్యకూడదు, ఆమె ఒప్పుకోకుండా ఇంకొకరికి చెప్పకూడదు, తోడబుట్టినవాడైనా సరే. చట్టం లేకపోయినా చెయ్యాల్సింది అదే. కేస్ షీట్ అట్ట మీద ఎర్ర ఇంకుతో రాసి వార్డంతా తెలిసేలా తిప్పే అలవాటు కొన్ని చోట్ల ఇంకా పోలేదు, నేను అలాంటి షీట్ చూసిన ప్రతిసారీ అట్ట మార్పించాను, ఇకముందూ మార్పిస్తా.

కౌన్సెలర్ మాట్లాడాక ఐసీటీసీలో, అంటే ప్రభుత్వ హెచ్ఐవీ పరీక్ష కేంద్రంలో, మూడు వేర్వేరు కిట్లతో చేశారు, మూడూ పాజిటివ్. సీడీ4 కౌంట్ 58. నోటి కాండిడా, హెయిరీ ల్యూకోప్లేకియా ఉన్నాయి కాబట్టి డబ్ల్యూహెచ్ఓ లెక్కలో మూడో స్టేజి, సీడీ4 200 లోపు ఉంది కాబట్టి అడ్వాన్స్‌డ్ డిసీజ్. సిఫిలిస్ టెస్ట్ నెగెటివ్, అరచేతుల్లో ఏదున్నా ఈ టెస్ట్ మర్చిపోకూడదు. టీబీ కోసం ఎక్స్‌రే, కఫం పరీక్ష చేశారు, ఏం లేదు. క్రిప్టోకాకల్ యాంటిజెన్ నెగెటివ్, సీడీ4 ఇంత తక్కువున్నప్పుడు ఇది చూడకుండా హెచ్ఐవీ మందులు, అంటే ఏఆర్‌టీ మొదలుపెడితే మెదడులో దాగున్న ఫంగస్ తర్వాత విరుచుకుపడొచ్చు. కూతురికి కూడా టెస్ట్ చేయించాం, నెగెటివ్. ఆ కాగితం చూసిన రోజే ఆమె మొదటిసారి ఏడ్చింది, తన రిపోర్ట్ వచ్చినప్పుడు ఏడవలేదు.

ట్రీట్‌మెంట్‌లో ముందు గజ్జి, ఎందుకంటే ఇది ఒక్క పేషెంట్‌తో వార్డు మొత్తానికి అంటుకునే జబ్బు. పక్క గదిలో పెట్టాం, సిస్టర్లందరికీ గ్లవ్స్, గౌన్లు. ఆమె బరువు 41 కేజీలు, ఐవర్‌మెక్టిన్ కేజీకి 200 మైక్రోగ్రాముల చొప్పున లెక్కేసి ఒకటో రోజు, రెండో రోజు, ఎనిమిది, తొమ్మిది, పదిహేనో రోజు ఇచ్చాం. 5 శాతం పర్మెత్రిన్ క్రీమ్ తల, మొహంతో సహా ఒళ్ళంతా, వారం పాటు రోజూ, తర్వాత వారానికి రెండుసార్లు. మామూలు గజ్జికి మెడ కింద నుంచి రాస్తే సరిపోతుంది, దీనికి చాలదు. పెచ్చుల మీద మందు రాస్తే పైనే ఉండిపోతుంది కాబట్టి శాలిసిలిక్ యాసిడ్ ఆయింట్‌మెంట్, గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టడం, గోళ్ళు కురచగా కత్తిరించి కింద బ్రష్‌తో మందు పట్టించడం, ఈ గోళ్ళ పని ఒక్కటి వదిలేస్తే జబ్బు తిరిగిరావొచ్చు. తమ్ముడి ఇంట్లో అందరికీ ఒకేరోజు క్రీమ్ ఇచ్చాం, దుప్పట్లు, బట్టలు వేడినీళ్ళలో ఉతకమని, ఉతకలేనివి సంచిలో మూటకట్టి వారం పక్కన పెట్టమని చెప్పాం. తమ్ముడికి చెప్పింది గజ్జి గురించే, అది నిజమే కాబట్టి అబద్ధం చెప్పాల్సిన అవసరం రాలేదు.

తర్వాత ఏఆర్‌టీ సెంటర్‌లో టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిపిన రోజుకో మాత్ర మొదలుపెట్టారు, దాంతోపాటు వేరే ఇన్ఫెక్షన్లు రాకుండా కోట్రైమాక్సజోల్. పదో రోజుకి ఒళ్ళంతా ఎర్రటి దద్దురు వేసుకుని వచ్చింది, మాత్ర పడట్లేదు మానేస్తానంటోంది. ఇలాంటప్పుడు ముందు చూడాల్సింది దద్దుర్లని కాదు, కళ్ళు, నోరు, జననాంగాల దగ్గర పుళ్ళు ఉన్నాయా, జ్వరం ఉందా, చర్మం ముట్టుకుంటే నొప్పా, పొక్కులు లేస్తున్నాయా, లివర్ ఎంజైములు ఎలా ఉన్నాయి. అవేం లేవు. టైమింగ్ చూసినా, ఇన్నేళ్ళుగా చూసిన అనుభవం చూసినా కోట్రైమాక్సజోల్ మీదే అనుమానం, దాన్ని ఆపి డాప్సోన్‌కి మార్చాం, అదీ జీ6పీడీ అనే ఎంజైము సరిగ్గా ఉందో లేదో చూశాకే, ఏఆర్‌టీ ఒక్కరోజు కూడా ఆపలేదు. వారంలో దద్దురు పోయింది. నెవిరపిన్ అనే పాత హెచ్ఐవీ మందు రోజుల్లో ఇదే కథ ఇంత తేలిగ్గా తేలేది కాదు, స్టీవెన్స్ జాన్సన్ సిండ్రోమ్‌తో ఒళ్ళు ఊడిపోయిన పేషెంట్లని చూసినవాళ్ళకి డోలుటెగ్రావిర్ విలువ తెలుస్తుంది. ఆరో వారంలో మొహం మీద దురద కురుపులు కొన్ని లేచాయి, ఇమ్యూనిటీ కోలుకునేటప్పుడు వచ్చేవే, ముందే చెప్పి ఉంచడం వల్ల కంగారు పడలేదు. ఆరు నెలలకి వైరల్ లోడ్ మిషన్‌కి దొరకనంత తక్కువకి వచ్చింది.

ఇక ఆ వేలిముద్ర సంగతి. పెచ్చులు మూడో వారానికి రాలిపోయాయి, కానీ ముద్ర వెంటనే పడలేదు, అడుగున చర్మం నున్నగా ఎర్రగా ఉంది. రెండు నెలలకి అన్ని వేళ్ళ మీదా గీతలు తేరుకున్నాయి, ఎడమ చూపుడువేలు తప్ప, దానికి లోతైన పగులు మానిన మచ్చ అడ్డంగా ఉండిపోయింది. ఇదెందుకంటే వేలిగీతల నమూనా పై చర్మంలో ఉండదు, పై పొర, అడుగు పొర కలిసే చోట ముడతల్లో అచ్చువేసి ఉంటుంది. పైన ఎంత అరిగినా, పెచ్చులు కట్టినా అడుగున అచ్చు అలాగే ఉంటే చర్మం మళ్ళీ అదే నమూనాలో పెరుగుతుంది, గాయం ఆ అచ్చు దాకా వెళ్ళి మచ్చ పడితేనే శాశ్వతంగా పోతుంది. మిషన్ చూసేది గట్టుకీ పల్లానికీ తేడా, అంతే. పల్లాలు పూడినా, గట్లు అరిగినా, వేలు మరీ ఎండిపోయినా దానికి ముద్ర లేనట్టే. కేన్సర్‌కి కేపెసిటబిన్ వాడేవాళ్ళకీ ఇలా అవుతుంది, 2009లో అచ్చైన ఒక రిపోర్ట్‌లో సింగపూర్ పేషెంట్ ఒకాయన్ని వేలిముద్రలు పడక అమెరికా ఎయిర్‌పోర్ట్‌లో నాలుగు గంటలు ఆపేశారు.

ఈ కేసు వార్డులో ఉండగానే మా పీజీ ఒకరు థీసిస్ టాపిక్‌తో వచ్చారు, హెచ్ఐవీ ఉన్నవాళ్ళలో వేలిముద్రల నమూనాలు ఎలా ఉంటాయి, మామూలువాళ్ళతో తేడా ఉంటుందా అని. పేషెంట్లు ఎలాగూ ఉన్నారు, ఇంకు ప్యాడ్, తెల్లకాగితం ఉంటే చాలు, ఖర్చు లేదు, అందుకే మన కాలేజీల్లో ఈ రకం థీసిస్‌లు షుగర్ మీద, బీపీ మీద, కేన్సర్ మీద ఎన్నో ఏళ్ళుగా వస్తున్నాయి, హెచ్ఐవీ మీదా వచ్చాయి. నేను వద్దన్నాను. ఎందుకో వివరంగా చెప్తే గానీ న్యాయం కాదు.

వేలిగీతలు చదివే ఈ విద్యకి గట్టి పునాదే ఉంది. పుర్కిన్యే అనే చెక్ శాస్త్రవేత్త 1823లోనే నమూనాలని తొమ్మిది రకాలుగా విడదీశాడు, ఇంగ్లండ్ శాస్త్రవేత్త గాల్టన్ 1892లో వేలిముద్రల మీద పుస్తకం రాశాడు, 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో పెట్టినప్పుడు అక్కడ వాడిన వర్గీకరణ లెక్కల వెనకున్న అసలు పని అజీజుల్ హక్, హేమ్ చంద్ర బోస్‌లది. డెర్మటోగ్లిఫిక్స్ అన్న పేరు 1926లో కమిన్స్, మిడ్లో అనే అమెరికన్ శాస్త్రవేత్తలు పెట్టారు, 1936లో కమిన్స్ డౌన్ సిండ్రోమ్ పిల్లల చేతుల్లో తేడాలు చూపించాడు: చిటికెనవేలి వైపు తెరుచుకునే శంఖాలు ఎక్కువ, అరచేతిలో గీతలు కలిసే మూల మామూలు కంటే పైకి జరిగి ఉండటం, చాలామందికి అడ్డంగా ఒకటే గీత. అది నిజమైన సంబంధం, ఎందుకంటే అక్కడ తప్పు మొదటి కణంలోనే ఉంది. గర్భంలో ఆరో వారం నుంచి వేలి కొసల మీద చిన్న ఉబ్బులు లేస్తాయి, పదో వారం దాటాక అవి తగ్గుతుండగా గీతలు మొదలవుతాయి, ఉబ్బు ఎత్తుగా ఉంటే చక్రం, మధ్యస్తంగా ఉంటే శంఖం, చదునుగా ఉంటే విల్లు, ఇరవై నాలుగో వారానికల్లా పని పూర్తి. ఆ వారాల్లో క్రోమోజోమ్ తేడా అయినా, తల్లికి వచ్చిన రుబెల్లా లాంటి ఇన్ఫెక్షన్ అయినా గీతల మీద గుర్తు వెయ్యగలదు, 1960లలోనే అలా రిపోర్ట్ చేశారు.

మరి మన పేషెంట్‌కి హెచ్ఐవీ వచ్చింది పెళ్ళయ్యాక. అప్పటికి ఆమె గీతలకి ఇరవై ఏళ్ళ పైనే వయసు. వైరస్ వాటిని వెనక్కెళ్ళి ఎలా మారుస్తుంది? తల్లి నుంచి బిడ్డకి వచ్చేది కూడా ఎక్కువగా చివరి వారాల్లో, కాన్పులో, పాలలో, గీతలు ముగిశాకే. ఇక మిగిలిన వాదన, గీతలు జబ్బుని కాదు, జబ్బు సోకే గుణాన్ని చూపిస్తాయి అని. సోకే గుణంలో జీన్స్ పాత్ర నిజమే, సీసీఆర్5 అనే ప్రొటీన్ తయారుచేసే జీన్ రెండు కాపీలూ పాడైనవాళ్ళకి మామూలు రకం హెచ్ఐవీ అంటుకోవడం చాలా కష్టమని 1996లోనే తేలింది, కానీ ఆ ప్రొటీన్ పనిచేసేది తెల్లకణాల తలుపు దగ్గర, పిండం వేలి కొస మీద కాదు. పైగా హెచ్ఐవీ ఎవరికి సోకిందన్నది చాలావరకు భర్త ఎవరు, సూది ఎవరిది, రక్తం ఎక్కడ ఎక్కించారు అన్నవాటి మీద ఉంటుంది, ఆమె వేళ్ళకి ఎన్ని చక్రాలున్నా ఆయన దగ్గర్నుంచి తప్పించుకునేదా?

అయినా తేడా కనిపించిందని పేపర్లు ఎందుకొస్తాయంటే లెక్కల వల్ల. పది వేళ్ళు, మూడు నాలుగు నమూనాలు, గీతల కౌంట్, అరచేతి కోణం, రెండు చేతులు, ఆడ మగ, ఇవన్నీ విడివిడిగా పోలిస్తే వంద పోలికలు అవుతాయి, నూటికి అయిదుసార్లు పొరపాటు రావొచ్చని హద్దు పెట్టుకుంటే ఏ సంబంధం లేకపోయినా సగటున అయిదు పోలికల్లో తేడా కనిపిస్తుంది, ఆ అయిదే టేబుల్‌లో చుక్క గుర్తుతో మెరుస్తాయి. కంట్రోల్స్‌గా (అంటే పోల్చడానికి జబ్బు లేనివాళ్ళుగా) ఎవర్ని తీసుకుంటారు? చేతికి దొరికే మెడికల్ స్టూడెంట్స్‌ని. నమూనాల శాతాలు ప్రాంతాన్ని బట్టి, జనసమూహాన్ని బట్టి మారతాయి కాబట్టి కనిపించిన తేడా జబ్బుది కాకుండా ఊళ్ళది కావచ్చు. లెక్కపెట్టేవాళ్ళకి ఏ కాగితం ఎవరిదో తెలిసే ఉంటుంది. ఇంకోటి, మా పేషెంట్ లాంటి చేతుల మీద ఇంకు రాసి గీతలు లెక్కపెడితే వచ్చేది నమూనా కాదు, గజ్జి చేసిన డ్యామేజీ.

పోనీ తేడా నిజమే అనుకుందాం, ఊహకే, వేలిముద్ర చూసి నూటికి డెబ్బై సార్లు సరిగ్గా చెప్పగలిగే టెస్ట్ ఒకటి ఉందనుకుందాం. 2021 అంచనాల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెద్దవాళ్ళలో హెచ్ఐవీ 0.67 శాతం. పదివేల మందికి చేస్తే నిజంగా ఉన్న 67 మందిలో 47 మందిని పట్టుకుంటుంది, లేనివాళ్ళలో దాదాపు 2,980 మందికి ఉందంటుంది. ఇరవై మందిని వదిలేసి మూడువేల ఇళ్ళల్లో నిప్పు పెట్టే టెస్ట్. ఐసీటీసీలో ఉచితంగా, అదే రోజు తేల్చి చెప్పే కిట్ ఉండగా దీని అవసరం ఏంటి?

ఆ పీజీకి కోపం రాలేదు, రెండు రోజులు ఆలోచించుకుని వేరే ప్రశ్నతో వచ్చారు: అరచేతి చర్మ జబ్బులున్న పేషెంట్లలో ఎంతమందికి బయోమెట్రిక్ ఫెయిలవుతోంది, ట్రీట్‌మెంట్ మొదలయ్యాక ఎన్ని వారాలకి తిరిగి పడుతోంది, ఏ వేలు ముందు తేరుకుంటోంది. ఇది పనికొచ్చే ప్రశ్న. మలేషియాలో చేతి ఎగ్జిమా ఉన్నవాళ్ళ మీద చేసిన స్టడీలో పావువంతు మందికి పైగా మిషన్ ఫెయిలైంది. మన దగ్గర కూలీపని, సిమెంటు, మిరప, చేపల చెరువులు, దానికి తోడు బియ్యం, పెన్షన్, ఉపాధి హామీ అన్నీ వేలికే ముడిపడి ఉన్నాయి, మన లెక్క మనకి కావాలి. సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడు ఫలానా వేళ్ళు ఇన్ని వారాలు పనిచెయ్యవు, అప్పటిదాకా కంటిపాపతో తీసుకోండి అని కచ్చితంగా రాయగలుగుతాం. మా పేషెంట్ కాగితంలో అలాగే రాశాను, డయాగ్నోసిస్ గడిలో "అరచేతుల చర్మవ్యాధి" అని మాత్రమే పెట్టి.

ఆ స్టడీలో పేషెంట్ వివరాలు నింపే ప్రొఫార్మా మొదటి డ్రాఫ్టులో హెచ్ఐవీ స్టేటస్ గడి, వేలిముద్ర ఇమేజ్ దాచే గడి పక్కపక్కనే ఉన్నాయి, రెండూ మార్పించాను. పేరు తీసేస్తే గుర్తుపట్టలేం అని మామూలు డేటాకి అంటాం, వేలిముద్రకి ఆ మాట చెల్లదు, అదే పేరు కంటే గట్టి గుర్తు. అది హెచ్ఐవీ రిజల్ట్‌తో ఒకే ఫైల్లో ఉండి ఆ ల్యాప్‌టాప్ ఎక్కడైనా పోతే ఆ మనుషులు చిక్కుల్లో పడతారు, పాస్‌వర్డ్ అయితే మార్చుకోవచ్చు, వేలు మార్చుకోలేరు. ఇప్పుడు ఎథిక్స్ కమిటీకి వెళ్ళిన కాపీలో ముద్ర పడిందా లేదా అన్న రెండు గడులే ఉన్నాయి, ఇమేజ్ ఎక్కడా సేవ్ చెయ్యరు, హెచ్ఐవీ వివరం ఏఆర్‌టీ సెంటర్ రిజిస్టర్‌లోనే ఉంటుంది, అది థీసిస్‌లోకి రాదు.